ఒక్క ద్రాక్ష చాలదు

వ్యక్తిత్వ వికాసం పేరుతో మనకు చిన్నప్పటి నుంచీ ఒకే మాట నూరిపోస్తున్నారు. లోపాలను ఒక్కొక్కటిగా దిద్దుకుంటూ పోతే ఎప్పటికో సంపూర్ణులమవుతామని. నిదానస్తుడు చురుకుదనం నేర్చుకోవాలి, చురుకైనవాడు నిదానం అలవరచుకోవాలి, లెక్కల్లో దిట్ట నలుగురిలో మాటకారి కావాలి, మాటకారి చిట్టాపద్దుల్లో ఆరితేరాలి. ఈ సలహా విని ఏళ్ల తరబడి తమతో తాము కుస్తీపట్టి, చివరికి ఉన్న బలాన్ని కూడా పోగొట్టుకున్నవాళ్లు మన చుట్టూ ఎందరో ఉన్నారు. నా వాదన వేరు. లోపాల్లో రెండు రకాలున్నాయి. కొన్ని చెడు అలవాట్లు, వాటిని మానుకోవాల్సిందే. కొన్ని మాత్రం మన బలానికే అవతలి వైపు. లోతుగా ఆలోచించే మనిషి నిర్ణయం తీసుకోవడంలో ఆలస్యం చేస్తాడు. ఆ ఆలస్యాన్ని పీకేయబోతే ఆలోచనలోని లోతు కూడా దానితోపాటే ఊడి వస్తుంది. ఇలాంటి లోటుకు దిద్దుబాటు పనికిరాదు, దాన్ని పూరించే తోడు కావాలి. తగిన తోడును ఎంచుకోవడం, ఎవరి పాలు ఎంతో తేల్చుకోవడం, ఏటేటా సరిచూసుకోవడం ఒక విద్య. నేర్చుకుంటే వస్తుంది.

ఈ విద్యను బాగా వంటపట్టించుకున్న ప్రాంతం ఒకటి ఫ్రాన్స్‌లో ఉంది. నైరుతి దిక్కున అట్లాంటిక్ సముద్రానికి దగ్గరగా ఉన్న బోర్డో. అక్కడి రెడ్ వైన్ దాదాపు ఎప్పుడూ ఒకే రకం ద్రాక్షతో తయారు కాదు. రెండు, మూడు, ఒక్కోసారి అయిదు రకాలను విడివిడిగా పండించి, విడివిడిగా పులియబెట్టి, ఆ తర్వాత పాళ్లు చూసి కలుపుతారు. లోటు, పూరింపు అనే మాటలు మనుషుల విషయంలో ఎంతైనా సాగదీయవచ్చు. ద్రాక్ష విషయంలో అలా కుదరదు. తొక్క మందం కొలవవచ్చు, పండే తేదీ రాసిపెట్టవచ్చు, పులుపు ఎంతో తేల్చవచ్చు. అందుకే ఈ అధ్యాయానికి ఆ వైన్‌ను ఉదాహరణగా తీసుకున్నాను. మద్యం గురించి ఎందుకు రాయాలన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు ఈ అధ్యాయంలోనే సూటిగా చెబుతాను.

రెండు ఒడ్లు, రెండు స్వభావాలు

పిరనీస్ పర్వతాల నుంచి గరోన్ నది, ఫ్రాన్స్ మధ్యభాగపు కొండల నుంచి డోర్డోన్ నది వచ్చి బోర్డో నగరానికి ఉత్తరాన కలుస్తాయి. అక్కడి నుంచి జిరోండ్ అనే వెడల్పాటి పాయగా సముద్రంలో కలుస్తాయి. ఆ పాయకు ఎడమ ఒడ్డున మెడాక్ ప్రాంతం. ఒకప్పుడు అక్కడ చాలాభాగం చిత్తడి నేల. 17వ శతాబ్దంలో డచ్ ఇంజినీర్లు కాలువలు తవ్వి నీటిని బయటకు పంపాక, నది యుగాల పాటు మోసుకొచ్చిన గులకరాళ్ల దిబ్బలు సాగుకు అనువుగా మారాయి. గులకరాయి నీటిని నిలవనివ్వదు, పగటి ఎండను దాచుకుని రాత్రికి వదులుతుంది. ఆలస్యంగా పండే కాబెర్నే సోవిన్యోన్ అనే ద్రాక్షకు ఆ వెచ్చదనం ప్రాణం. కుడి ఒడ్డున సెయింట్ ఎమిలియోన్, పోమెరోల్ ఉన్నాయి. అక్కడ బంకమట్టి, సున్నపురాయి ఎక్కువ. బంకమట్టి చల్లగా ఉంటుంది, తేమను పట్టి ఉంచుతుంది. అక్కడ మెర్లో రాజ్యమేలుతుంది. మొత్తం బోర్డోలో ఎర్ర ద్రాక్ష తోటల్లో సగానికి మించి మెర్లోయే.

కాబెర్నే సోవిన్యోన్ గింజ చిన్నది, తొక్క మందం. హైదరాబాద్ చుట్టుపక్కల తోటల్లో పేరుపడ్డ అనాబ్-ఏ-షాహీ పండును తలచుకోండి. పెద్ద గింజ, నిండా రసం, పలచని తీపి. కాబెర్నే సరిగ్గా దానికి విరుద్ధం. రసం తక్కువ, తొక్కా విత్తనమూ ఎక్కువ. రంగు, వగరు ఆ రెండింటి నుంచే వస్తాయి. ఆ వగరునిచ్చే పదార్థమే టానిన్. దానికి పులుపు కూడా తోడవడం వల్ల కాబెర్నేతో చేసిన మంచి వైన్ దశాబ్దాల పాటు నిలవ ఉంటుంది. ఇది దాని బలం. ఇందులోనే దాని లోటూ ఉంది. పూర్తిగా పండని ఏడు పచ్చి క్యాప్సికమ్ వాసన కొడుతుంది. పండిన ఏడు కూడా, ఒంటరిగా తాగి చూసిన నిపుణులు ఒకే మాట అంటారు. నాలుక మీద మొదట గట్టిగా తగులుతుంది, చివర గట్టిగా నిలుస్తుంది, నడుమ మాత్రం ఏదో వెలితి.

ఆ వెలితిని నింపేది మెర్లో. తొక్క పలచన, గుజ్జు ఎక్కువ, చక్కెర ఎక్కువ. కాబెర్నే కంటే ఒకటి రెండు వారాలు ముందే కోతకు వస్తుంది. దాని వైన్ మెత్తగా ఉంటుంది, ప్లమ్ పండు రుచి నోరంతా పరుచుకుంటుంది. దానికీ లోట్లున్నాయి. పులుపు తక్కువ కావడంతో వేడి ఏడాదిలో చప్పగా, బరువుగా తయారవుతుంది. ముందే చిగురిస్తుంది కనుక వసంతకాలపు మంచుకు ముందుగా బలయ్యేదీ అదే. పూత సమయంలో చలి, వాన వస్తే పూత రాలి పిందె కట్టదు. పలచని తొక్క వల్ల తేమకు త్వరగా కుళ్లుతుంది. ఈ రెండు జాబితాలను పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదానిలో లేనిదే మరొకదానిలో ఉంది. పైగా ఇవి పరాయివి కావు. కాబెర్నే సోవిన్యోన్ అనేది కాబెర్నే ఫ్రాంక్, సోవిన్యోన్ బ్లాంక్ అనే రెండు రకాలకు సహజంగా పుట్టిన సంతతి అని 1997లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కరోల్ మెరెడిత్, జాన్ బోవర్స్ డీఎన్ఏ పరీక్షలతో తేల్చారు. మెర్లోకు కూడా ఒక కన్నది కాబెర్నే ఫ్రాంకే అని తర్వాత తేలింది. అంటే ఒకే కడుపు పంటకు కూడా స్వభావాలు ఇంత దూరంగా ఉండవచ్చు. ఒకరిని చూపి మరొకరిని నువ్వెందుకు ఇలా లేవని నిలదీసే ఇళ్లలో ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మూడో స్థానంలో ఆ కన్నదే, కాబెర్నే ఫ్రాంక్. బరువు తక్కువ, సువాసన ఎక్కువ. సెయింట్ ఎమిలియోన్‌లో మెర్లోకు నిటారుతనం ఇచ్చేది అదే. నాలుగోది పెటి వెర్డో. ముదురు రంగు, ఘాటైన వగరు, చాలా ఆలస్యంగా పండే గుణం. పులిహోరలో ఇంగువ లాంటిది. నూటికి రెండు నుంచి అయిదు పాళ్లు పడితే మొత్తానికి ఒక పట్టు వస్తుంది, మోతాదు మించితే మిగతా రుచులన్నీ దాని కిందే పడిపోతాయి. మాల్బెక్, కార్మెనేర్ అనే మరో రెండు కూడా ఆ ప్రాంతపు పాత కాపులే, ఇప్పుడు అక్కడ అరుదు. ఈ ఆరింటిలో ఏదీ తక్కువది కాదు. ఏ ఒక్కటీ తనంత తానుగా చాలదు, అంతే.

వాతావరణం ఒకరి పక్షం వహించదు

రుచి పొందిక ఒక కారణమైతే, ఈ కలయికకు అంతకంటే కఠినమైన మరో కారణం ఉంది. బోర్డో సముద్రపు గాలి తగిలే చోటు. ఏ ఏడు ఏం జరుగుతుందో ముందు తెలియదు. 1964లో కుడి ఒడ్డు రైతులు మెర్లో కోసుకుని నిశ్చింతగా ఉన్న సమయానికి, ఎడమ ఒడ్డున కాబెర్నే ఇంకా తీగ మీదే ఉంది. అక్టోబరు వానలు మెడాక్‌ను ముంచెత్తాయి. ఆ ఏడు పోమెరోల్ వైన్లు గొప్పగా వచ్చాయి, మెడాక్‌లో ఆలస్యం చేసినవాళ్లు దెబ్బతిన్నారు. 2013లో కథ తిరగబడింది. పూత మీద ఉండగా చలి, వాన పట్టుకుని మెర్లో పూత విపరీతంగా రాలిపోయింది. 1956 ఫిబ్రవరిలో వచ్చిన చలికి కుడి ఒడ్డున తీగలు మొదలంటా చచ్చిపోయాయి. ముందుపంటకు అచ్చొచ్చిన ఏడు వెనకపంటకు అచ్చిరాదు. రెండూ ఉన్న తోటకు ఏదో ఒకటి చేతికి దక్కుతుంది.

మనిషి జీవితానికి ఇందులో గట్టి పాఠం ఉంది. మంచి రోజుల్లో మనకు మన బలమొక్కటే చాలనిపిస్తుంది. వ్యాపారం సాగుతున్నప్పుడు ధైర్యంగా ముందుకు దూకే భాగస్వామే అసలైనవాడనీ, పద్దులు చూసుకుంటూ కూర్చునే రెండోవాడు వెనక్కి లాగుతున్నాడనీ అనిపిస్తుంది. గిరాకీ పడిపోయిన ఏడు ఆ రెండోవాడి జాగ్రత్తే దుకాణాన్ని నిలబెడుతుంది. ఎప్పుడు ఎవరి గుణం అక్కరకొస్తుందో ముందే చెప్పగలిగితే జతలు అవసరం లేదు. చెప్పలేం కనుకనే మనలాంటివాళ్లను మాత్రమే చుట్టూ చేర్చుకోవడం ప్రమాదం. అచ్చం మనలా ఆలోచించే నలుగురు మిత్రులు మంచి కాలక్షేపం కావచ్చు. కష్టకాలంలో మాత్రం నలుగురూ ఒకే చోట తడబడతారు.

కలపడానికి ముందు విడదీయాలి

బోర్డోలో సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కోత. మంచి తోటల్లో రకాన్ని బట్టే కాక, మడిని బట్టి కూడా పండును వేరుచేసి పులియబెడతారు. చలికాలం వచ్చేసరికి తొట్లలో, 225 లీటర్ల ఓక్ చెక్క పీపాల్లో డజన్ల కొద్దీ వేర్వేరు వైన్లు ఉంటాయి. అప్పుడు మొదలవుతుంది అసాంబ్లాజ్ అనే కూర్పు పని. బల్ల మీద నమూనా సీసాలు వరసగా ఉంటాయి, ఒక్కోదాని మీద మడి పేరు, రకం. పక్కన కొలత గీతలున్న గాజు గొట్టం. ముందు ఒక్కొక్కటీ విడిగా నోట్లో పోసుకుని, పుక్కిలించి, ఉమ్మి, రాసుకుంటారు. దీనికి వాసన ఉంది, ఒళ్లు లేదు. దీనికి ఒళ్లు ఉంది, చివర నిలవదు. ఆ తర్వాతే గాజు గొట్టంలో కలపడం. కాబెర్నే 60, మెర్లో 35, పెటి వెర్డో 5. రుచి చూస్తారు. పెటి వెర్డోను 3కు తగ్గించి, ఆ రెండు పాళ్లూ కాబెర్నే ఫ్రాంక్‌కు ఇస్తారు. మళ్లీ చూస్తారు. నూటికి రెండు పాళ్ల మార్పు కూడా నాలుకకు తెలుస్తుంది. ఈ పని కొన్నిచోట్ల వారాల పాటు సాగుతుంది.

ఈ పద్ధతిలో మొదటి సూత్రం, విడిగా తెలియనిదాన్ని కలపకూడదు. దీన్ని మరిస్తే ఏమవుతుందో కార్మెనేర్ చరిత్ర చెబుతుంది. 19వ శతాబ్దంలో ఫిలాక్సెరా అనే పురుగు యూరప్ తోటలను నాశనం చేశాక బోర్డోలో కార్మెనేర్ దాదాపు కనుమరుగైంది. అంతకుముందే కొన్ని మొక్కలు చిలీ దేశం చేరాయి. అక్కడ దాన్ని మెర్లో అనుకుని మెర్లో మధ్యలోనే పెంచారు, మెర్లో కోసిన రోజే కోశారు. నిజానికి అది వారాలు ఆలస్యంగా పండే రకం. అందుకే దాని వైన్ పచ్చి వాసన కొట్టేది. 1994లో జాన్ మిషెల్ బూర్సికో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త అది కార్మెనేర్ అని గుర్తుపట్టాక, దాని సమయానికి దాన్ని కోయడం మొదలైంది. ఇవాళ చిలీకి గర్వకారణమైన ద్రాక్ష అదే. పక్కవాడి క్యాలెండరుతో మనల్ని కోస్తే మనమూ పచ్చిగానే మిగులుతాం. పదో తరగతి మార్కులతోనో, పాతికేళ్లకు వచ్చిన జీతంతోనో తమకు తాము తీర్పు చెప్పుకున్నవాళ్లు ముందు చేయాల్సిన పని, తామే రకమో తెలుసుకోవడం.

రెండో సూత్రం, లోటుకు కచ్చితమైన పేరు పెట్టాలి. నాలో ఏదో తక్కువ అనుకుంటే దిగులు మిగులుతుంది, దారి దొరకదు. కూర్పు బల్ల దగ్గర ఎవరూ ఈ వైన్ బాగాలేదని ఆగిపోరు. నడుమ వెలితిగా ఉంది, చివర పొడిబారింది అని చెబుతారు. పేరు కచ్చితంగా ఉంటేనే మందు కచ్చితంగా దొరుకుతుంది. మూడో సూత్రం మింగుడు పడటం కష్టం. మంచిదైనంత మాత్రాన ప్రతిదాన్నీ కలపరు. బోర్డో విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎమిల్ పేనో 20వ శతాబ్దంలో అక్కడి వైన్ తయారీ తీరునే మార్చిన మనిషి. పండును, పీపాలను కఠినంగా ఏరాలని ఆయన పట్టుబట్టాడు. ప్రధాన వైన్‌కు పొసగని పీపాలు రెండో పేరుతో వేరే సీసాల్లోకి వెళతాయి. షాతో లాటూర్ తోటలో 1966 పంటతో మొదలైన లే ఫోర్ దె లాటూర్ అలాంటిదే. కొన్ని ఏళ్లలో పంటలో సగం కూడా ప్రధాన సీసాకు చేరదు. మన రోజులో కూడా అన్ని మంచి పనులకూ, మంచి పిలుపులకూ చోటు ఉండదు. పక్కన పెట్టిన పని చెడ్డదై ఉండక్కర్లేదు, ఈ ఏటి కూర్పుకు పొసగకపోతే చాలు.

పళ్లెం కూడా కూర్పులో భాగమే

సీసాలో పాళ్లు కుదిరినా పని సగమే అయింది. ఈ వైన్‌కు మిగతా సగం భోజనం. టానిన్ లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని నాలుకను ఆరబెడుతుంది, వగరు అంటే అదే. పళ్లెంలో మాంసం, కొవ్వు, కాస్త ఉప్పు ఉంటే టానిన్ పట్టు సడలుతుంది. బోర్డో వాళ్లు మెడాక్‌లోని పోయాక్ గొర్రెపిల్ల మాంసాన్ని ఎడమ ఒడ్డు వైన్‌తో తింటారు. గొడ్డు మాంసపు ముక్కను కాల్చి, చిన్న ఉల్లిపాయలు, ఎముక మూలుగ, రెడ్ వైన్ వేసిన చిక్కని పులుసు పోసి వడ్డించడం అక్కడి పేరున్న వంటకం. మెర్లో పాలు ఎక్కువున్న కుడి ఒడ్డు వైన్ బాతు మాంసానికీ, పుట్టగొడుగులకూ చక్కగా ఒదుగుతుంది. పాతబడిన గట్టి చీజ్ రెండింటికీ సరిపోతుంది. చేప విషయంలో జాగ్రత్త పడాలి. రెడ్ వైన్‌లోని ఇనుము వల్లే నోట్లో నీచు రుచి పుడుతుందని జపాన్ పరిశోధకులు 2009లో చూపించారు.

మన భోజనానికి వస్తే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. గోంగూర మాంసం, చేపల పులుసు, గుంటూరు కారంతో చేసిన వేపుడు ఈ వైన్‌కు పొసగవు. పుల్లని కూర ముందు వైన్ చప్పబడుతుంది. మిరప మంటను వైన్‌లోని ఆల్కహాల్ ఎగదోస్తుంది, వగరు దానికి తోడవుతుంది. తీపి పక్కన వైన్ పులుపుగా, చేదుగా తోస్తుంది. హైదరాబాదీ హలీం మాత్రం బాగా కుదరగల వంటకం. గోధుమ, మాంసం, నెయ్యి కలిసి గంటల తరబడి ఉడికి టానిన్‌కు మెత్తని పరుపు వేస్తాయి. కారం తగ్గించి మిరియాలతో కాల్చిన మటన్, నూనెలో మగ్గిన పుట్టగొడుగులు, నిప్పుల మీద కాల్చిన పనీర్ కూడా ఫరవాలేదు. ఇంకో మాట. రెడ్ వైన్‌ను గది వేడిమి మీద తాగాలన్న సలహా చలిదేశాల గదులకు చెప్పింది. సుమారు 16 నుంచి 18 డిగ్రీలు దీనికి తగినది. మన ఇళ్లలో ముప్పై దాటుతుంది కనుక వడ్డించే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టాలి. వయసు రాని గట్టి వైన్ అయితే వెడల్పు పాత్రలోకి వంచి గంటసేపు గాలి తగలనివ్వాలి. ఇందులో తెలుసుకోవాల్సింది, గోంగూరలో తప్పు లేదు, వైన్‌లోనూ తప్పు లేదు. రెండు మంచి గుణాలు కలిసినంత మాత్రాన మంచి జత పుట్టదు. ఇద్దరు ఉత్తములు ఒక సంస్థలో ఇమడలేకపోతే ఎవరు చెడ్డవారని వెతకడం మన అలవాటు. చాలాసార్లు ఎవరూ కారు.

ఎదురయ్యే అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం బలమైనది. బుర్గుండీ ఎర్ర వైన్ దాదాపు ఎప్పుడూ ఒక్క పినో న్వార్‌తోనే చేస్తారు, ఇటలీలో బరోలో ఒక్క నెబ్బియోలోతోనే. అంతెందుకు, బోర్డోలోనే అత్యంత ఖరీదైన వాటిలో ఒకటైన పెట్రూస్ పూర్తిగా మెర్లో. అలాంటప్పుడు ఒంటరి గొప్పతనం సాధ్యమేగా? సాధ్యమే, ఒప్పుకుంటున్నాను. కానీ పెట్రూస్ తోట ఎంత? సుమారు పదకొండు హెక్టార్లు. ఆ చిన్న మిట్ట మీద అరుదైన నీలిరంగు బంకమట్టి మెర్లోకు కావలసిన బిగువును నేల నుంచే ఇస్తోంది. అక్కడ తోడు లేదనుకోవడం పొరపాటు, మట్టే తోడు. తమ గుణానికి అచ్చంగా సరిపోయే చోటు దొరికినవాళ్లు ఒంటరిగా వెలగవచ్చు. అలాంటి చోటు కొద్దిమందికే దొరుకుతుంది. మరో సంగతి. యూరప్ నిబంధనల ప్రకారం సీసా మీద ఒకే ద్రాక్ష పేరు వేయడానికి ఆ ద్రాక్ష 85 శాతం ఉంటే చాలు, అమెరికాలో సాధారణంగా 75 శాతం. పైకి ఒంటరిగా కనిపించే చాలా పేర్ల వెనక చెప్పని సహాయకులుంటారు.

రెండోది, కలపడమంటే లోపాన్ని కప్పిపుచ్చడమేగా అన్నది. చరిత్రలో అలా కూడా జరిగింది. 19వ శతాబ్దంలో బోర్డో వైన్ పలచబడిన ఏళ్లలో రోన్ లోయ నుంచి హెర్మిటాజ్ వైన్ తెచ్చి కలిపి, బలంగా ఉందని అమ్మేవారు. సీసా మీద పేరున్న ప్రాంతపు ద్రాక్షతోనే వైన్ చేయాలంటూ 1930లలో వచ్చిన నియమాలు అలాంటి వాటికి అడ్డుకట్ట వేశాయి. తేడా ఎక్కడుంది? పూరింపులో ప్రతి భాగమూ ఆరోగ్యంగా ఉంటుంది, మోసంలో ఒకటి చెడింది. వెనిగర్‌గా మారడం మొదలైన పీపాను ఎంత మంచి వైన్‌లో కలిపినా అది బాగుపడదు, మంచిదే పాడవుతుంది. అందుకే మొదట్లోనే లోపాలను రెండుగా విడదీశాను. అబద్ధం, బద్ధకం, మాట తప్పడం లాంటివాటికి తోడును వెతక్కండి. వాటిని మీరే వదిలించుకోవాలి. స్వభావంలోని వెలితికే తోడు.

మూడోది, మనుషులు ద్రాక్షలు కారని. నిజం. ద్రాక్షను అడిగి కలపరు, మనిషిని అడగాలి. కలిపిన వైన్‌ను మళ్లీ విడదీయలేం, మనుషులు విడిపోగలరు, మారగలరు. ఈ తేడా నా వాదనను బలహీనపరచదు, దానికి ఒక షరతు చేరుస్తుంది. జతలో ఉన్న ఇద్దరికీ తాము ఎందుకు జత కట్టారో తెలిసి ఉండాలి, ఎవరికి వారు నిలబడగలిగి ఉండాలి. బోర్డోలో పాళ్లను ఏటా మొదటి నుంచి తేలుస్తారు, పోయినేటి లెక్క ఈ ఏటికి పనికిరాదు. వేడి పెరుగుతున్న కాలంలో మెర్లోలో చక్కెర మరీ ఎక్కువవుతోందని, 2021లో నాలుగు కొత్త ఎర్ర ద్రాక్షలను అక్కడ అనుమతించారు. పోర్చుగల్ రకం టూరిగా నాసియోనాల్ అందులో ఒకటి. అది కూడా తోటలో 5 శాతానికి, కూర్పులో 10 శాతానికి మించకూడదన్న హద్దుతో. మనదేశంలో బెంగళూరు దగ్గరి నంది కొండల్లో గ్రోవర్ సంస్థ చేసే లా రిజర్వ్ అనే వైన్‌కు సలహా ఇచ్చింది పోమెరోల్ నిపుణుడు మిషెల్ రోలాన్. అయినా అందులో కాబెర్నేకు జత మెర్లో కాదు, షిరాజ్. నేల మారితే తోడు మారుతుంది, పద్ధతి మాత్రం అదే.

చివరి అభ్యంతరం మద్యం గురించి. ఏ మోతాదులోనూ మద్యం ఆరోగ్యానికి సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో మద్యం 1988 నుంచే ఉంది. రెడ్ వైన్ గుండెకు మేలన్న పాత ప్రచారాన్ని నమ్మి ఎవరూ మొదలుపెట్టకూడదు. తాగనివారు తాగనవసరం లేదు, ఈ పాఠానికి చుక్క వైన్ కూడా అక్కర్లేదు. తాగేవారికి నా మాట ఒక్కటే. తక్కువగా, భోజనంతో, దేన్ని తాగుతున్నారో తెలిసి తాగండి. తాగినవారు బండి తీయకూడదు.

చేసి చూడాల్సింది

ఇక మీ వంతు. ఒక కాగితం మీద మీ బలాలు రెండు రాయండి. ఒక్కోదాని ఎదురుగా, ఆ బలం వల్లే మీకు వచ్చిపడే నష్టాన్ని రాయండి. మాట సూటిగా ఉంటే మనసులు నొచ్చుకోవడం, వివరాల మీద శ్రద్ధ ఉంటే పని గడువు దాటడం, అందరితో కలుపుగోలుతనం ఉంటే కాదనలేకపోవడం. రాసినదాంట్లో చెడు అలవాటేదో, స్వభావమేదో వేరుచేయండి. అలవాటును మార్చుకునే పని ఈ రోజే మొదలుపెట్టండి. స్వభావపు వెలితికి మీ ఇంట్లో, కార్యాలయంలో, స్నేహితుల్లో ఎవరి దగ్గర పూరింపు ఉందో చూడండి. తరచూ అది మిమ్మల్ని విసిగించే మనిషి దగ్గరే ఉంటుంది, ఎందుకంటే మీకు లేనిదే వారిలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వారిని అడగండి. మొదట చిన్న పాలుతో మొదలుపెట్టండి. ఉత్తరం పంపేముందు ఒకసారి చదివి పెట్టమనండి, ఒక్క నిర్ణయానికి గడువు పెట్టమనండి. బదులుగా మీరేమివ్వగలరో కూడా చెప్పండి, ఇవ్వకుండా తీసుకుంటే అది జత అనిపించుకోదు. ఆరు నెలలకో, ఏడాదికో కూర్చుని పాళ్లు సరిచూసుకోండి.

అందరికీ అన్నీ రావాలన్న ఆశ మనుషులను పోటీదారులను చేస్తుంది. నాకు లేనిది నీ దగ్గర ఉందన్న గుర్తింపు వాళ్లను దగ్గర చేస్తుంది. లోటును ఒప్పుకోవడం ఓటమి అని మనకు నేర్పారు. లోటుకు సరైన పేరు పెట్టగలిగినవాడే సరైన సాయం అడగగలడు. సరైన సాయం అడగగలిగినవాడు తన బలాన్ని చివరిదాకా వాడుకోగలడు. వ్యక్తిత్వ వికాసమని నేననేది దాన్నే.